పైపు వేయించాలా, వద్దా: బీడీలు చుట్టిన ఒక తల్లి చివరి మూడు నెలల కేసు

ఉత్తర తెలంగాణలోని ఒక జిల్లా ఆసుపత్రిలో, ‘ఆలన’ పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) కేంద్రంలో నేను డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈ కేసును కుటుంబం అనుమతితో రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. “ఇంక మా దగ్గర మందుల్లేవు, ఇంటికి తీసుకుపోండి” అన్న మాట విన్నాక చాలా కుటుంబాలు వారాల తరబడి దిక్కుతోచక తిరుగుతాయి. రోగికి సంబంధించిన పెద్ద నిర్ణయాలన్నీ సరిగ్గా ఆ వారాల్లోనే రోగికి తెలియకుండా జరిగిపోతాయి. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ ఉన్న ఈమె విషయంలోనూ, మూత్రం బయటికి తీయడానికి కిడ్నీలోకి పైపు వేయించాలా వద్దా అన్న నిర్ణయం అలాగే జరగబోయింది. ఎలా ఆగిందో చెప్పాలని ఈ ప్రయత్నం.

మా దాకా వచ్చిన దారి

ఆమెకు 52 ఏళ్లు. పెళ్లి కాకముందు నుంచే బీడీలు చుట్టేది. భర్త ఒకప్పుడు మస్కట్ పోయి కూలి చేసి వచ్చినవాడు, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టునే ఉంటాడు. ఒక్కగానొక్క కొడుకు షార్జాలో సెంట్రింగ్ పని చేస్తాడు. ఇంట్లో కోడలు, ఇద్దరు మనవలు ఉంటారు. కూతురిని జగిత్యాల వైపు ఇచ్చారు.

ముట్లుడిగిన కొన్నేళ్లకు మళ్లీ రక్తం కనిపిస్తే వేడి చేసిందనుకుని ఊరుకుంది. హైదరాబాద్‌లో పరీక్షలు చేసేసరికి గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ మూడో దశకు చేరింది. బయటి నుంచి 25 సిట్టింగుల రేడియేషన్, దానితోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆ తర్వాత లోపలి రేడియేషన్ ఇచ్చారు. ఏడాదికి పైగా బాగానే ఉంది. బీడీల చాట మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. తర్వాత కుడి పిరుదు నుంచి పిక్క దాకా గుంజే నొప్పి మొదలైంది. వాసనతో స్రావం, దాని వెంట మూత్రం తనకు తెలియకుండానే కారిపోవడం వచ్చాయి. స్కాన్‌లో కటిభాగంలో గడ్డ మళ్లీ పెరిగి పక్క గోడ దాకా పాకిందని, రెండు మూత్రనాళాలనూ నొక్కుతోందని తేలింది. కీమో మొదలుపెట్టారు కానీ ఒంట్లో తట్టుకునే శక్తి లేక ఆపేశారు.

డిశ్చార్జి కాగితాల చివరి పేజీలో, మందుల కింద ‘బెస్ట్ సపోర్టివ్ కేర్’ అని ఒక ముక్క ఉంది. ఆ ముక్క వెనక ఒక వైద్య విభాగం, దానికి మందులు, మనుషులు ఉంటారని వాళ్లకెవరూ చెప్పలేదు. “డాక్టర్లు చేతులెత్తేసిన్రు” అని ఊళ్లో చెప్పుకున్నారు.

ఆ తర్వాత ఏడు వారాలు ఊళ్లో ఆర్‌ఎంపీయే దిక్కు. రాత్రి ఏ గంటకు పిలిచినా వచ్చేవాడు ఆయనే కాబట్టి నేను ఆయన్ను తప్పుపట్టను. నొప్పికి ఆయన దగ్గరున్నది డైక్లోఫెనాక్ సూది, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. సగం మూసుకుపోయిన కిడ్నీల మీద ఆ మందు ఏం చేస్తుందో ఆయనకు తెలిసే అవకాశం లేదు. చివరికి బీపీ, షుగర్ సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్త వెనక గదిలోంచి మూలుగు విని మా కేంద్రానికి ఫోన్ చేసింది.

మొదటిసారి చూసినప్పుడు

మంచం వెనక గదిలోకి మార్చారు. మార్చమని అడిగింది ఆమే. “పోరగాండ్లు అన్నం తినంగ వాసనొస్తది” అందట. వీధి అరుగు మీద ఆమెతో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు రావడం మానేసి అప్పటికి నెల దాటింది.

నొప్పిని సున్నా నుంచి పది దాకా లెక్కపెట్టి చెప్పమంటే మా దగ్గర పెద్దవాళ్లు తికమకపడతారు. నేను రూపాయి లెక్కలో అడుగుతాను. “రూపాయంటే ఇంకోర్వలేనంత. ఇప్పుడెంతుంది?” అంటే “కూసుంటే బారాణ (ముప్పావలా), పండుకుంటే రూపాయికి రూపాయి” అంది. కాలు గుంజుడు, అరికాల్లో మంట, రాత్రుళ్లు కరెంటు కొట్టినట్టు పోట్లు. ఇవి నరం నొక్కుకుపోతే వచ్చే నొప్పి లక్షణాలు. నడుం లోపల అదే పనిగా సలిపేది వేరే రకం. రెండింటికీ వేర్వేరు మందులు కావాలి.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగులను చూసుకునే చోటు) తెరిచిన సిసిలీ సాండర్స్ నొప్పి నాలుగు రకాలుగా ఉంటుందని చెప్పేది: ఒంటిది, మనసుది, మనుషులతో తెగిపోయినది, నమ్మకానికి సంబంధించినది. ఆ నాలుగూ ఆ గదిలో ఉన్నాయి. “నేనేం పాపం చేసిన్నో” అన్న మాట ఆమె నొప్పి గురించి చెబుతూనే అంది. గర్భసంచి రోగమంటే నడవడిక మీద నింద పడుతుందన్న భయం మన ఊళ్లలో ఇంకా ఉంది. అందుకే మొదటిరోజే ఆమెకూ, గడప దగ్గర నిలబడ్డ భర్తకూ వినబడేలా చెప్పాను. ఇది హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది, ఆ వైరస్ పెళ్లయిన ఆడవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే, కొందరిలో మాత్రం పోకుండా ఉండిపోయి ఏళ్ల తర్వాత క్యాన్సర్ అవుతుంది, ఇందులో ఎవరి పాపమూ లేదు. భర్త తల దించుకుని విన్నాడు, తర్వాత లోపలికి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

చేసిన పనులు ఇవి. డైక్లోఫెనాక్ పూర్తిగా ఆపించాం. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పని తగ్గేకొద్దీ పెరిగే లెక్క) 1.8 ఉంది. మామూలుగా మార్ఫిన్ నాలుగు గంటలకోసారి ఇస్తాం, ఈమెకు కిడ్నీలు చూసుకుని 5 మిల్లీగ్రాములు ఆరు గంటలకోసారి మొదలుపెట్టాం. నొప్పి వచ్చినప్పుడు అడిగి వేసుకునే మందు కాదిది, గడియారం చూసి వేయాలి. కోడలి ఫోన్‌లో నాలుగు అలారాలు పెట్టాం. మధ్యలో నొప్పి తన్నుకొస్తే వేయడానికి విడిగా అర మాత్రలు ఇచ్చాం. మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు, అందుకని మొదటిరోజు నుంచే రాత్రిపూట బిసకోడిల్ ఇచ్చాం. నరం నొప్పికి రాత్రి అమిట్రిప్టిలిన్ చిన్న మోతాదు, నరం చుట్టూ వాపు తగ్గేందుకు పొద్దున డెక్సామెథసోన్.

వాసన సంగతి నర్సు చూసుకుంది. ఉప్పునీళ్లతో మెల్లగా కడగడం, మెట్రోనిడజోల్ మాత్రల పొడి లోపల పెట్టడం, తొడల మీద ఒరిసిపోకుండా జింక్ ఆక్సైడ్ పూత. డైపర్లు కొనే స్తోమత లేదు. పాత నూలు చీరలు చించి, ఉతికి, ఎండలో ఆరేసి వాడమన్నాం. మంచం కింద బొగ్గులు పోసిన తట్ట పెట్టించాం. ఎర్రటి, ముదురు రంగు దుప్పట్లు రెండు విడిగా ఉంచమన్నాం. ఎప్పుడైనా ఒక్కసారిగా రక్తం పోతే తెల్ల గుడ్డ మీద చూసి రోగీ, ఇంట్లో వాళ్లూ బెదిరిపోతారు, ముదురు గుడ్డ మీద అంత కనబడదు. ఈ మాట కోడలికి ముందే చెప్పాం. చెప్పి భయపెట్టడమెందుకని కొందరంటారు. నా అనుభవంలో భయపెట్టేది చెప్పకుండా వచ్చిన రక్తమే.

పది రోజుల్లో మార్ఫిన్ 10 మిల్లీగ్రాములకు పెరిగింది. నొప్పి చారాణకు (పావలాకు) దిగింది. మూడో వారానికి వాసన దాదాపు పోయింది. మంచం ముందు గదిలోకి వచ్చింది. అరుగు మీది ఆడవాళ్లు తునికాకు కట్టలతో మళ్లీ వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నారు. పాలియేటివ్ కేర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించగలిగేది ఇదే. గడ్డ పరిమాణం ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గలేదు.

మార్ఫిన్ గురించి ఒక మాట చెప్పాలి. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం కింద ఈ మందు నిల్వ పెట్టుకోవాలంటే ఆసుపత్రులు రకరకాల లైసెన్సుల కోసం తిరగాల్సి వచ్చేది. చాలా చోట్ల తిరగలేక వదిలేశారు. ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ చేత్తో రాయకుండానే చదువు ముగించారు. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలో శిక్షణ ఉన్న డాక్టరు ఇచ్చే పద్ధతి పెట్టారు. అందుకే ఇది వీధి చివరి మెడికల్ షాపులో దొరకదు. దొరకలేదంటే మందు లేదని అర్థం కాదు, అడగాల్సిన చోటు వేరే ఉంది. ప్రతి మాత్రకూ లెక్క ఉంటుంది. ఖాళీ స్ట్రిప్పులు తెచ్చిస్తేనే కొత్తవి ఇస్తాం. ఈ కట్టుబాటు చూసి కుటుంబాలు ఇది విషమేమో అనుకుంటాయి, ఓపిగ్గా చెప్పాల్సింది మనమే.

“అమ్మకు చెప్పొద్దు మేడం”

షార్జా నుంచి కొడుకు మొదటి ఫోన్‌లోనే అన్నాడు: “అమ్మకు చెప్పొద్దు మేడం. తెలిస్తే గుండె ఆగిపోతది.” ఈ కోరికను నేను కొట్టిపారేయను. అందులో ఉన్నది ప్రేమ. కానీ ఒప్పుకోను కూడా. ప్రతి కుటుంబానికీ చెప్పేదే అతనికీ చెప్పాను. “నా అంతట నేను చెప్పను. ఆమె అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. అడగకపోతే బలవంతం చేయను.” కాసేపు ఊరుకుని “సరే” అన్నాడు.

నొప్పి తగ్గాకే ఈ మాటలకు వీలు చిక్కుతుంది. రూపాయికి రూపాయి నొప్పి ఉన్న మనిషి దేని గురించీ ఆలోచించలేదు. ఒక మధ్యాహ్నం కోడలు రేషన్ షాపుకు పోయినప్పుడు అడిగాను: “మీ జబ్బు గురించి మీకేం అనిపిస్తోంది?”

“నాకు తెల్వదా బిడ్డా. వాసన నాకొస్తలేదా. హైదరాబాద్‌ల కరెంటు (రేడియేషన్) పెట్టిన్నాడే తెల్సు. ఈళ్లకు తెల్వదేమోనని నేనే చెప్తలేను.”

ఆమె వాళ్ల కోసం దాచింది, వాళ్లు ఆమె కోసం దాచారు. ఒకే కప్పు కింద ఎవరి ఏడుపు వాళ్లే ఏడ్చారు. నేను చూసే ఇళ్లలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటుంది. రోగికి తెలియదు అనుకోవడం చుట్టూ ఉన్నవాళ్ల నమ్మకమే తప్ప, ఒంట్లో ఏం జరుగుతోందో ఒంటికి తెలుస్తుంది. ఆమె అనుమతి అడిగి ఆ సాయంత్రమే భర్తను కూర్చోబెట్టి ముగ్గురం మాట్లాడుకున్నాం. భర్త ఆమె చెయ్యి పట్టుకుని “నువ్వు గట్టిదానివే” అన్నాడు. అంతకుమించి మాటలు నడవలేదు, అవసరం కూడా పడలేదు.

కిడ్నీలు

రెండో నెల చివర్లో ఆమె పగలంతా మగతగా ఉంటోందని కోడలు ఫోన్ చేసింది. వెళ్లేసరికి పిలిస్తే కళ్లు తెరుస్తోంది, వెంటనే మూసుకుంటోంది. చేతులు ఉండుండి ఉలిక్కిపడుతున్నాయి. కంటిపాపలు చిన్నవైపోయాయి. ఊపిరి మాత్రం నిమిషానికి 14, బాగానే ఉంది. క్రియాటినిన్ 4.6కు చేరింది.

కోడలు బయటికి తీసుకుపోయి అడిగింది: “మేడం, ఆ మందే అత్తమ్మను పండబెట్టిందా? పక్కింటోళ్లు అంటున్రు.” ఉన్నదున్నట్టు చెప్పాను. ఔను, మందు పాత్ర ఉంది. మార్ఫిన్ ఒంట్లో విరిగి తయారయ్యే పదార్థాలను బయటికి తోసేవి కిడ్నీలు. గడ్డ మూత్రనాళాలను మూసేస్తుండడంతో అవి లోపలే పేరుకుంటున్నాయి. ఈ మగత, ఈ ఉలికిపాట్లు దానివల్లే. మందు మార్చాలి, నొప్పికి మందు ఆపకూడదు. మార్ఫిన్ స్థానంలో చిన్న మోతాదు ఫెంటనిల్ ప్యాచ్ తెప్పించి ఛాతీ మీద అంటించాం. కిడ్నీల మీద అంతగా ఆధారపడని మందు అది, మూడు రోజులకోసారి మార్చాలి. దాని మీద వేడినీళ్ల సంచి పెట్టకూడదని, పెడితే మందు ఒక్కసారిగా లోపలికి దిగుతుందని రెండుసార్లు చెప్పాం. వికారానికి రాత్రిపూట హాలోపెరిడాల్ అర మిల్లీగ్రాము. రెండు రోజులకు ఆమె లేచి టీ అడిగింది.

ఇప్పుడు అసలు ప్రశ్న ముందుకొచ్చింది. మూత్రనాళాలు మూసుకుపోతే వీపు వైపు నుంచి సూదితో దారి చేసి, కిడ్నీలోకి నేరుగా పైపు వేసి మూత్రాన్ని బయటి సంచిలోకి తీయవచ్చు. నెఫ్రోస్టమీ అంటారు. హైదరాబాద్‌లో యూరాలజిస్టుతో మాట్లాడితే ఒకవైపు వేస్తానన్నారు. కొడుకు ఫోన్‌లో “ఎంత ఖర్చయినా వేయించండి” అన్నాడు. కూతురు జగిత్యాల నుంచి వచ్చి “అమ్మను ఇంక కష్టపెట్టకున్రి” అంది. భర్త ఎటూ చెప్పలేకపోయాడు. ఇదంతా పక్క గదిలో జరుగుతుంటే ఆమె ముందు గదిలో మంచం మీదే ఉంది.

ఆమెనే అడుగుదామని అందరినీ ఆ గదిలోకి తీసుకెళ్లాను. కొడుకు వీడియో కాల్‌లో ఉన్నాడు. పైపు అంటే ఏమిటో కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఆమె మూడు ప్రశ్నలు అడిగింది.

“పైపు ఏస్తే నొప్పి పోతదా?”

పోదు.

“ఈ కారుడు, వాసన?”

పోవు. పైపు మూసుకుపోవచ్చు, చీము పట్టవచ్చు, రెండు మూడు నెలలకోసారి మార్పించుకోవడానికి హైదరాబాద్ పోవాలి.

“మరి ఏయకపోతే, పిలగాడు వచ్చేదాంక ఉంటనా?”

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న అదే. ఆమెకు కావలసింది ఆయుష్షు కాదు, ఒక తారీఖు. కొడుకును అడిగాను, సెలవు ఎప్పుడు దొరుకుతుందని. అప్పుడు బయటపడింది విషయం. కంపెనీ ఒక్కసారే పంపిస్తుంది. అందుకని అమ్మ పోయాక వచ్చి తలకొరివి పెట్టి పోదామని అతను లోలోపల లెక్క వేసుకుని ఉన్నాడు. గల్ఫ్‌లో కొడుకులున్న ఇళ్లలో ఈ లెక్క నేను మళ్లీ మళ్లీ వింటాను. మేం పట్టున్న మాట చెప్పకపోతే వాళ్లు ఇంకేం లెక్క వేసుకోగలరు?

చెప్పాను: “పైపు లేకపోతే కొన్ని వారాలు. నెల దాటడం కష్టం. వాటిలో ముందు వచ్చే రోజుల్లోనే ఆమె నీతో మాట్లాడగలదు. చివరి రోజుల్లో నిద్రలోకి జారిపోతుంది.”

తల్లి ఫోన్ వైపు తిరిగి అంది: “ఇప్పుడే రా కొడకా. బతికున్నప్పుడు సూడాలె గని పోయినంక ఏం సూస్తవ్. కొరివి మీ నాయిన పెడ్తడు.”

భర్త తలూపాడు. పైపు వద్దన్నది ఆమె నిర్ణయం. కేస్ షీటులో ఆమె మాటల్లోనే రాసి, వేలిముద్ర తీసుకుని, భర్త, కూతురు సాక్షులుగా సంతకాలు చేశారు. తెలివిలో ఉన్న పెద్ద మనిషి ఒక చికిత్స వద్దంటే దాన్ని బలవంతంగా చేసే హక్కు ఎవరికీ లేదు. ఇది మరణాన్ని తొందరచేయడం కాదు. మాట్లాడలేని స్థితి వచ్చాక ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోదలచినవారికి వేరే దారి ఉంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు లివింగ్ విల్‌ను గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని తేలిక చేసింది. మేజిస్ట్రేటు దాకా పోనక్కర్లేదు, ఇద్దరు సాక్షులతో నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకోవచ్చు.

కొడుకు ఎనిమిదో రోజున దిగాడు. ఖర్జూరాల డబ్బా తెచ్చాడు. కిడ్నీలు పనిచేయని మనిషికి ఖర్జూరం పెట్టొద్దని పుస్తకం చెబుతుంది, అందులో పొటాషియం ఎక్కువ. కొడుకు తినిపిస్తుంటే నేను వద్దనలేదు. రోజుకు ఒకటి, సగం నమిలి ఉమ్మేసేది. పదిహేను రోజులు ఉన్నాడు. అప్పుల లెక్కలు, కూతురికి ఇవ్వాల్సిన బంగారం, తన బీడీల పీఎఫ్ డబ్బు ఎవరి పేరున పడాలన్నది అన్నీ ఆమె నోటితోనే తేలాయి.

చివరి వారం

కొడుకు తిరిగి విమానం ఎక్కాక ఆమె మింగడం తగ్గింది. నోటి మందులు ఆపేశాం. చర్మం కింద ఒక సన్నటి సూది పెట్టి ఉంచి, దాని గుండా హాలోపెరిడాల్, గొంతులో గురగురకు హయోసిన్, కంగారు పడితే మిడజోలామ్ ఎలా ఇవ్వాలో కోడలికి నేర్పాం. సిరంజిలు నింపి, రంగు చీటీలు అంటించి ఇచ్చాం. పదో తరగతి చదివిన అమ్మాయి, ఒక్క తప్పు లేకుండా చేసింది.

“సెలైనన్నా ఎక్కియ్యిన్రి” అన్న ఒత్తిడి మొదలైంది. చుట్టాలు, పక్కింటివాళ్లు, ఆర్‌ఎంపీ కూడా. తిండి మానేసినందువల్ల పోతోందని అందరి దిగులు. అది తిరగేసి చూడాలి. ఒళ్లు మూసుకుపోతోంది కాబట్టి ఆకలి పోయింది. పనిచేయని కిడ్నీలున్న మనిషికి సెలైన్ ఎక్కిస్తే అది ఊపిరితిత్తుల్లో, కాళ్లలో చేరుతుంది, గురగుర పెరుగుతుంది. ఆర్‌ఎంపీని పక్కకు పిలిచి ఇదంతా చెప్పాను. ఆయన బయటికెళ్లి “సెలైన్ పెడితే ఆయాసం ఎక్కువైతది” అని తన నోటితోనే ఊరివాళ్లకు చెప్పాడు. ఆయన మాటకు ఉన్న విలువ నా మాటకు లేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా, అందుకని గంటకోసారి తడి దూదితో నోరు తుడవడం, పెదాలకు వెన్న రాయడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం కూతురికి అప్పగించాం.

చివరి రోజు ఊపిరి మధ్యమధ్య ఆగి ఆగి వస్తుందని, కాళ్లు చల్లబడతాయని, అది ఆమెకు బాధ కాదని ముందే చెప్పి ఉంచాం. ఎవరూ 108కు ఫోన్ చేయలేదు. కొడుకు వెళ్లిన తొమ్మిదో రోజు తెల్లవారుజామున పోయింది. కూతురు తులసి తీర్థం పోసింది. కొరివి భర్తే పెట్టాడు, షార్జాలో డ్యూటీ మానుకుని కొడుకు ఫోన్‌లో చూశాడు.

ఇంట్లో చనిపోయినప్పుడు కాగితాల సంగతి చాలామందికి తెలియదు. చికిత్స చేస్తున్న డాక్టరు మరణ కారణం ఫారం 4ఏలో రాసిస్తారు. 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయించాలి. పీఎఫ్ డబ్బుకైనా ఇంకే క్లెయిముకైనా ఆ సర్టిఫికెట్టే ఆధారం. పెద్దకర్మ అయ్యాక మళ్లీ వెళ్లాం. మిగిలిన ప్యాచులు వెనక్కి తీసుకున్నాం. నెలల తరబడి సరిగా నిద్రపోని కోడలు చెవుల్లో ఇంకా అలారం మోగుతున్నట్టే ఉందంది. ఆమెకు కొంతకాలం మా నర్సు ఫోన్ చేస్తూ ఉంది. కూతురినీ, కోడలినీ ముఖద్వారం పరీక్షకు పిలిపించాం.

ఎక్కడ వెతకాలి

ఈ కుటుంబానికి ఏడు వారాలు పోయింది దారి తెలియకే. డిశ్చార్జి కాగితాల్లో ‘బెస్ట్ సపోర్టివ్ కేర్’, ‘పాలియేటివ్ ఇంటెంట్’, ‘సింప్టమాటిక్ ట్రీట్‌మెంట్’ లాంటి మాట కనబడితే అక్కడే ఆగి డాక్టరును అడగండి: “ఈ కేర్ మా జిల్లాలో ఎవరు ఇస్తారు? వాళ్లకు చీటీ రాసివ్వండి.” చికిత్స నడుస్తుండగానే అడిగితే ఇంకా మంచిది. కీమో తీసుకుంటూ కూడా పాలియేటివ్ డాక్టరును కలవవచ్చు, ఒకటి ఎంచుకుంటే ఇంకొకటి వదులుకోవాలన్న నియమం ఏదీ లేదు.

తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో ఆలన కేంద్రాలున్నాయి. కొన్ని పడకలు, ఇళ్లకు వెళ్లే వ్యాను, మార్ఫిన్, అన్నీ ఉచితం. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. రాష్ట్రంలో ఈ వైద్యం నేర్చుకున్న చాలామందికి బడి అదే. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ పడకలూ ఇస్తుంది, ఇళ్లకూ వస్తుంది, డబ్బు తీసుకోదు. అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లు బెంగళూరు చికిత్సకు వెళ్తుంటారు, అక్కడ కరుణాశ్రయ కూడా ఉచితమే. దేశంలో మొదటి హాస్పిస్, ముంబైలోని శాంతి అవేదన సదన్, 1986లో వచ్చింది. 1993లో కోజికోడ్‌లో మొదలైన పని ఇళ్లకు వెళ్లి చూసే పద్ధతికి దారి వేసింది. మేం ఊళ్లు తిరగడం నేర్చుకున్నది ఆ మలయాళీల దగ్గరే.

పడక కావాలా, ఇల్లు చాలా అన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఈమెకు సొంత ఇల్లు, చూసుకునే కోడలు ఉన్నారు. హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్ల బాధ వేరు. ఇంట్లో చావు జరగకూడదని, నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు మూసేయాల్సి వస్తుందని యజమానులు ముందే ఖాళీ చేయమంటారు. అలాంటివాళ్లకు హాస్పిస్ పడక తప్పనిసరి అవసరం. ఆగని రక్తస్రావం, ఇంట్లో లొంగని నొప్పి, చూసుకునే మనిషి లేకపోవడం కూడా పడక కోరడానికి గట్టి కారణాలే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫోన్ చేసి “అమ్మను హాస్పిస్‌లో పెట్టండి” అంటుంటారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ పద్ధతిలో ఆరు నెలలకు మించి బతకరని డాక్టర్లు ధ్రువీకరించాలి, వ్యాధిని నయం చేసే చికిత్స మానుకోవాలి, ఆ తర్వాత కూడా సేవ ఎక్కువగా ఇంటి దగ్గరే అందుతుంది. మా దగ్గర అలాంటి గీత లేదు. నొప్పి ఉంటే చాలు, రావచ్చు.

పైపు మీద ఇంకో మాట

ఈ కేసును మా సమావేశంలో చెప్పినప్పుడు ఒక సహోద్యోగి ఒప్పుకోలేదు. 52 ఏళ్లే కదా, ఒకవైపు పైపు వేస్తే ఇంకో రెండు మూడు నెలలు దక్కేవి కదా అన్నారు. దక్కి ఉండవచ్చు. కానీ ఆ నెలల్లో నరం నొప్పి పెరుగుతూ పోయేది, మూత్రం కారడం ఆగేది కాదు, హైదరాబాద్ ప్రయాణాలు తోడయ్యేవి. కిడ్నీలు ఆగి మగతలోకి జారిపోవడం, కటిభాగం క్యాన్సర్‌లో రాగల మరణాల్లో బాధ తక్కువ ఉన్నది. ఇది నా అభిప్రాయం, దీన్ని దాచుకోను. అయితే నా అభిప్రాయానికి ఆ గదిలో చోటు లేదు. ఆమె మూడు ప్రశ్నలకు నిజమైన జవాబులివ్వడం వరకే నా పని.

ఇంకా ఇవ్వదగ్గ కీమో మిగిలి ఉంటే, కొత్తగా బయటపడ్డ క్యాన్సర్ అయితే, పైపు వేయించమని నేనే గట్టిగా చెబుతాను. ఆ తర్వాత కొన్నాళ్లకే ఇలాంటి ఇంకొకామె మా దగ్గరికి వచ్చింది. వయసు తక్కువ, కూతురు పదో తరగతి. అవే ప్రశ్నలు, అవే జవాబులు. పరీక్షలయ్యేదాకా తాను ఇంట్లో ఉండాలంది, పైపు కావాలంది. చీటీ రాసి హైదరాబాద్ పంపించాం. ఇప్పుడు వారానికోసారి వెళ్లి సంచి, కట్టు చూసి వస్తున్నాం. వచ్చే నెల పైపు మార్పించాలి.